అణు విద్యుత్తుపై చర్చ: స్థలం ఖరారయ్యాక కాదు, అంతకు ముందే

ఒక దేశం అణు విద్యుత్తు వైపు వెళ్లాలా వద్దా అన్నది ఒక ప్రశ్న. ఆ ప్రశ్నను జనం ముందు పెట్టి బహిరంగంగా చర్చించాలా, లేక నిపుణులకూ మంత్రివర్గానికీ వదిలేయాలా అన్నది మరో ప్రశ్న. మన దేశంలో మొదటిదానికి సమాధానం స్వాతంత్ర్యం వచ్చిన తొలి ఏళ్లలోనే తేలిపోయింది. 1969లో తారాపూర్ కేంద్రం పని మొదలుపెట్టింది కూడా. రెండోదానికి మాత్రం ఇప్పటిదాకా సూటైన సమాధానం లేదు.

నెల్లూరు, ప్రకాశం తీరానికి ఈ రెండో ప్రశ్న దూరపు వ్యవహారం కాదు. రష్యా రియాక్టర్లతో కొత్త కేంద్రం కట్టేందుకు పరిశీలనలో ఉన్న చోట్లలో కావలి కూడా ఒకటని గత దశాబ్దంలో వార్తలు వచ్చాయి. కొన్నాళ్లు పత్రికల్లో నలిగి, ఆ మాట మళ్లీ మరుగున పడింది. ఈ మధ్యకాలంలో జువ్వలదిన్నె చేపల వేటగాళ్లకు గానీ, అల్లూరు, బోగోలు మండలాల రొయ్యల రైతులకు గానీ, అణు కేంద్రం అంటే ఏమిటో, అది వస్తే ఏది మారుతుందో, రాకపోతే ఆ కరెంటు ఇంకెక్కడి నుంచి తేవాలో చెప్పే ప్రయత్నం కనబడదు. చర్చ జరగడానికి ఇదే మంచి సమయం. స్థలం ఖరారు కాలేదు, భూసేకరణ ప్రకటన వెలువడలేదు, ఎవరి పొలమూ గీతలో పడలేదు. అటువంటప్పుడు మాట్లాడే మాటకు స్వార్థం అంటగట్టడం కష్టం.

పైగా దేశం మొత్తం మీద ఈ రంగం వేగంగా మారుతోంది. ప్రస్తుతం అణు కేంద్రాల వాటా దేశ విద్యుత్ ఉత్పత్తిలో 3 శాతం దగ్గరే ఉంది. దీన్ని 2047 నాటికి 100 గిగావాట్ల సామర్థ్యానికి, అంటే ఇప్పుడున్నదానికి పది రెట్లకు పైగా పెంచుతామని 2025 ఫిబ్రవరి కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. అదే ఏడాది డిసెంబర్‌లో పార్లమెంటు ‘శాంతి’ (SHANTI) అనే పేరుతో కొత్త అణుశక్తి చట్టాన్ని ఆమోదించింది. 1962 నాటి అణుశక్తి చట్టం, 2010 నాటి అణు నష్టపరిహార చట్టం రెండూ దానితో రద్దయి, ప్రైవేటు సంస్థలకు ఈ రంగంలో తలుపులు తెరుచుకున్నాయి. డిసెంబర్ 15న లోక్‌సభ ముందుకు వచ్చిన బిల్లు 18వ తేదీకల్లా ఉభయ సభలూ దాటింది. పార్లమెంటరీ సంఘానికి పంపి లోతుగా పరిశీలించాలని ప్రతిపక్షాలు కోరినా ఆ పని జరగలేదు. అరవై ఏళ్లకు పైగా నడిచిన చట్టాన్ని తీసివేసి కొత్తది తేవడానికి నాలుగు రోజులు చాలవు. బిల్లు మంచిదా చెడ్డదా అన్న దానితో నిమిత్తం లేకుండా ఈ మాట అనవలసి ఉంది.

అణు విద్యుత్తుకు అనుకూలమైన వాదన ఏమిటో నెల్లూరు జిల్లాలో ఉన్నంత స్పష్టంగా మరెక్కడా కనబడదేమో. ముత్తుకూరు మండలం నేలటూరులో శ్రీ దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రం ఉంది. 800 మెగావాట్ల యూనిట్లు మూడు అక్కడ ఉన్నాయి. చుట్టుపక్కల ప్రైవేటు బొగ్గు కేంద్రాలు మరికొన్ని ఉన్నాయి. అటువంటి ఒక్క యూనిట్ పూర్తి సామర్థ్యంతో నడిస్తే రోజుకు పదివేల టన్నులకు అటూ ఇటూగా బొగ్గు కాలుతుంది. మన దేశపు బొగ్గులో మూడో వంతు దాకా బూడిదే. కృష్ణపట్నం రేవులో దిగిన బొగ్గు పొడి, బూడిద చెరువు మీదుగా ఎండాకాలం వీచే గాలి, దండెం మీద ఆరేసిన బట్టలకు అంటే నల్లటి మసి, ఇవి ఆ ఊళ్లవాళ్లకు ఎవరూ చెప్పనక్కరలేని విషయాలు. దీనికి ఎదురుగా వెయ్యి మెగావాట్ల అణు రియాక్టరుకు ఏడాది మొత్తానికి కావలసిన ఇంధనం పాతిక, ముప్ఫై టన్నులు మాత్రమే. గని తవ్వకం నుంచి నిర్మాణం దాకా అన్నీ కలిపి లెక్కగట్టినా, యూనిట్ కరెంటుకు బొగ్గు నుంచి దాదాపు 820 గ్రాముల కర్బన ఉద్గారాలు వెలువడితే అణు కేంద్రం నుంచి 12 గ్రాములేనని వాతావరణ మార్పుపై ఏర్పడిన అంతర్ ప్రభుత్వ సంఘం 2014 నివేదికలో మధ్యస్థ అంచనాగా పేర్కొంది. సముద్ర మట్టం పెరిగితే ముందు మునిగేది పులికాట్ నుంచి కొత్తపట్నం దాకా ఉన్న పల్లపు ఊళ్లే. కాబట్టి అణు విద్యుత్తును చర్చకైనా రానివ్వకూడదనే వాదన ఇక్కడ నిలవదు.

అయితే ఆ లెక్కలో రానివి కొన్ని ఉన్నాయి. రియాక్టరులో పుట్టిన వేడిలో మూడో వంతే కరెంటుగా మారుతుంది. అంటే వెయ్యి మెగావాట్ల కరెంటు ఇచ్చే యూనిట్, దానికి రెండింతల వేడిని నీటిలోకి వదలాలి. ఆరు యూనిట్ల కేంద్రమైతే పన్నెండు వేల మెగావాట్ల వేడి రాత్రింబవళ్లు సముద్రంలో కలుస్తుంది. బొగ్గు కేంద్రంలో కొంత వేడి పొగగొట్టం ద్వారా పైకి పోతుంది. అణు కేంద్రంలో ఆ దారి లేదు. తీరంలోని థర్మల్ కేంద్రాలు వదిలే నీటి వల్ల, అది కలిసే చోట సముద్రపు నీరు సహజ ఉష్ణోగ్రత కంటే 7 డిగ్రీలకు మించి వేడెక్కకూడదన్న నిబంధన మన దేశంలో ఉంది. కానీ మత్స్యకారుడికి కావలసిన సమాచారం ఆ అంకె ఒక్కటే కాదు. గొట్టం ఎక్కడ తెరుచుకుంటుంది, ఏ నెలలో నీటి ప్రవాహం ఉత్తరానికి పోతుంది, ఏ నెలలో దక్షిణానికి తిరుగుతుంది, ఆ వేడి నీరు ఎంత దూరం పరుచుకుంటుంది, గుడ్లు పెట్టే కాలంలో చేప ఆ దారిన వస్తుందా అన్నవి తెలియాలి. తీరం వెంబడి సముద్రపు నీటిని తోడుకునే రొయ్య హేచరీలకూ ఇవే ప్రశ్నలు. వీటికి శాస్త్రీయంగా సమాధానం చెప్పడం సాధ్యమే. ఆ సమాధానం ఎప్పుడు, ఏ భాషలో, ఎవరికి అందుతుందన్నదే సమస్య.

తుపాను, భూకంపం విషయమూ అంతే. 1989 నవంబర్‌లో థాయ్‌లాండ్ సింధుశాఖలో పుట్టి బంగాళాఖాతమంతా దాటి వచ్చిన గే తుపాను తీరం దాటింది కావలి దగ్గరే. 1967 మార్చిలో ఒంగోలు ప్రాంతంలో 5.4 తీవ్రతతో భూకంపం వచ్చింది. 2024 డిసెంబర్‌లో ప్రకాశం జిల్లా ముండ్లమూరు, తాళ్లూరు మండలాల్లో స్వల్ప ప్రకంపనలకు జనం ఇళ్లలోంచి బయటికి పరుగెత్తారు. ఇవి చూపించి ఇక్కడ రియాక్టరు కట్టడం అసాధ్యమని తేల్చడం తొందరపాటు. 2004 సునామీలో కల్పాక్కం కేంద్రపు సముద్రపు నీటి పంపుహౌస్‌లోకి నీరు చేరినా అప్పుడు నడుస్తున్న రియాక్టరును క్షేమంగా ఆపగలిగారు. 2011లో ఫుకుషిమాలోనూ రియాక్టర్లు భూకంపానికి వెంటనే ఆగిపోయాయి. కానీ ఆగిన రియాక్టరు కూడా చల్లబడదు. ఆపిన క్షణంలో మొత్తం వేడిలో ఆరేడు శాతం ఇంకా పుడుతూనే ఉంటుంది, గంటలు గడిచేకొద్దీ తగ్గుతుంది గానీ రోజుల తరబడి చల్లార్చుతూనే ఉండాలి. ఫుకుషిమాలో సునామీ నీరు డీజిల్ జనరేటర్లను ముంచేసింది, పంపులకు కరెంటు లేకుండా పోయింది. లక్షన్నర మందికి పైగా ఇళ్లు వదలవలసి వచ్చింది. అందుచేత ఈ తీరంలో అడగవలసిన మొదటి ప్రశ్న భవనం ఎంత గట్టిది అన్నది కాదు. గే వంటి తుపాను వచ్చి లైన్లన్నీ తెగిపడితే అత్యవసర జనరేటర్లు ఎంత ఎత్తులో ఉంటాయి, ఎన్ని రోజుల డీజిల్ నిల్వ ఉంటుంది అన్నది. మన దేశపు పద్ధతి ప్రకారం అత్యవసర ప్రణాళిక 16 కిలోమీటర్ల పరిధిదాకా సిద్ధంగా ఉండాలి. కావలి తీరం నుంచి ఆ గీత గీస్తే జాతీయ రహదారి, చెన్నై–విజయవాడ రైలు మార్గం రెండూ దానిలో పడవచ్చు. ఒకవేళ జనాన్ని తరలించాలంటే ఏ దారిన తరలిస్తారన్నది తుపాను షెల్టర్లకు జనాన్ని చేర్చడం అలవాటైన ఈ జిల్లాల రెవెన్యూ సిబ్బందికి అర్థం కాని విషయం కాదు. వాళ్లను ముందే అడిగితే ఉపయోగం ఉంటుంది.

ఇప్పుడున్న పద్ధతిలో ఈ ప్రశ్నలు వేసే చోటు ఒకటే: పర్యావరణ అనుమతికి ముందు జరిపే ప్రజాభిప్రాయ సేకరణ. 2006 నాటి కేంద్ర నోటిఫికేషన్ దాని నియమాలను నిర్ణయించింది. ముప్ఫై రోజుల ముందు పత్రికలో ప్రకటన ఇవ్వాలి, కలెక్టరు గానీ ఆయన తరఫు అధికారి గానీ అధ్యక్షత వహించాలి, అంతా వీడియో తీయాలి, కనీసం ఇంతమంది రావాలన్న నియమం మాత్రం లేదు. తీరంలో థర్మల్ కేంద్రాల కోసం జరిగిన ఇటువంటి సభలు ఎలా ఉంటాయో చూసినవాళ్లకు తెలుసు. షామియానా కింద ఒక పక్క బస్సుల్లో తెచ్చిన జనం, మరో పక్క వ్యతిరేకించడానికి వచ్చినవాళ్లు, మధ్యలో బారికేడ్లు, పోలీసులు. వేదిక మీద వందల పేజీల ఆంగ్ల నివేదిక. జనం చేతికి వచ్చేది కొద్ది పేజీల తెలుగు సారాంశం. సముద్రపు నీటి ఉష్ణోగ్రత పట్టిక ఉన్నది ఆ వందల పేజీల్లో, సారాంశంలో కాదు. మైకు దగ్గర మనిషికి నాలుగైదు నిమిషాలు. ఎక్కువమంది మాట్లాడేది ఉద్యోగాల గురించి, ఎకరాకు ధర గురించి. అందులో తప్పేమీ లేదు, ఎందుకంటే అప్పటికి వాళ్ల చేతిలో మిగిలింది అవే. కేంద్రం కావాలా, బొగ్గా, సౌరమా, అణువా, ఎక్కడ అన్న ప్రశ్నలు ఢిల్లీలోనో అమరావతిలోనో తేలిపోయి ఏళ్లవుతుంది.

ఈ ఆలస్యానికి ఎంత మూల్యం చెల్లించాలో ఆస్ట్రియా చూపించింది. జ్వెంటెండార్ఫ్ వద్ద అణు కేంద్రాన్ని పూర్తిగా కట్టాక, 1978 నవంబర్ 5న దేశాన్ని అడిగారు. వద్దన్నవాళ్లు 50.5 శాతం. కట్టిన కేంద్రం ఒక్క రోజు కూడా నడవలేదు. ఆ ఫలితం సరైనదా కాదా అని వాదించుకోవచ్చు గానీ, కట్టక ముందు అడిగి ఉంటే అంత డబ్బు మిగిలేదనడంలో సందేహం లేదు. మన దగ్గర తమిళనాడులోని కూడంకుళంలో ఇంకో విధంగా జరిగింది. 1988లో ఒప్పందం కుదిరింది, కట్టడం దాదాపు పూర్తయిన దశలో 2011లో ఫుకుషిమా ప్రమాదం తర్వాత ఇడింతకరై ఊరివాళ్లు పెద్ద ఎత్తున వ్యతిరేకించారు. వేలమంది మీద రాజద్రోహం సహా కేసులు పడ్డాయి. 2013 మేలో సుప్రీంకోర్టు కేంద్రం నడవడానికి అనుమతిస్తూనే భద్రతపై పలు ఆదేశాలిచ్చి, జనంపై పెట్టిన క్రిమినల్ కేసులను ఉపసంహరించుకునే ప్రయత్నం చేయాలని కూడా చెప్పింది. ఆ ఊళ్లకూ ఆ కేంద్రానికీ మధ్య నమ్మకం కలగడానికి అవకాశం ఉన్న ఇరవై ఏళ్లూ మాట లేకుండానే గడిచిపోయాయి.

బహిరంగ చర్చ వద్దనేవారి వాదనల్లో మొదటిది, ఇది సాంకేతిక విషయం, సామాన్యులకు అర్థం కాదు అన్నది. నెల్లూరు జిల్లాలో ఈ మాట అనడం ప్రత్యేకంగా తప్పు. 1990ల మొదట్లో దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్లు సారా మీద మొదలుపెట్టిన చర్చ రాష్ట్రమంతటా పాకి, 1993 అక్టోబర్‌లో సారా నిషేధం దాకా వెళ్లింది. ఎక్సైజ్ ఆదాయం, వేలం పాటలు, కుటుంబ ఖర్చు, ఇవన్నీ ఆర్థికవేత్తల విషయాలే అప్పుడు కూడా. అర్థమయ్యేలా చెబితే అర్థం చేసుకోలేని విషయం ఏదీ లేదు. దక్షిణ కొరియా 2017లో దీనికి ఒక పద్ధతి చూపింది. నిర్మాణం మధ్యలో ఆగిన షిన్ కోరి 5, 6 రియాక్టర్లను కొనసాగించాలా అన్న దానిపై 471 మంది సాధారణ పౌరులను ఎంపిక చేసి, ఇరుపక్షాల పత్రాలూ చదివించి, నిపుణులను ప్రశ్నించనిచ్చారు. చివరికి 59.5 శాతం కొనసాగించాలన్నారు. అదే బృందంలో ఎక్కువమంది మున్ముందు అణు విద్యుత్తు వాటా తగ్గించాలని కూడా చెప్పారు. అణు విద్యుత్తును తగ్గిస్తామని చెప్పి అధికారంలోకి వచ్చిన ప్రభుత్వం ఆ తీర్పును పాటించింది. ఫిన్లాండ్‌లో అయితే స్థానిక పురపాలక మండలికి కాదనే హక్కు ఉంది. వాడేసిన ఇంధనాన్ని భూగర్భంలో దాచే కేంద్రానికి యూరాయోకి మండలి 2000లో ఒప్పుకున్నాక, మరుసటి ఏడాది పార్లమెంటు ఆమోదించింది. కజకిస్తాన్‌లో 2024 అక్టోబర్‌లో జనవాక్య సేకరణ జరిగి 71 శాతం అనుకూలంగా వచ్చినా, వ్యతిరేకుల నోరు నొక్కారన్న విమర్శ ఆ ఫలితాన్ని వదలలేదు. అడిగిన ప్రశ్న కూడా కేంద్రం కట్టడానికి ఒప్పుకుంటారా అన్నంతవరకే. ఓటు పెట్టడమే చర్చ అనుకోవడం వల్ల వచ్చిన లోపం అది.

రెండో వాదన రహస్యానికి సంబంధించినది. ఆయుధాల సమాచారం, భద్రతా ఏర్పాట్ల వివరాలు బయట పెట్టకూడదనడాన్ని ఎవరూ కాదనరు. అయితే 1962 చట్టం నుంచి ఇప్పటి చట్టం దాకా గోప్యత పరిధి దానికి మించి విస్తరించింది. నిర్మాణ వ్యయం, సముద్రంలోకి వదిలే నీటి కొలతలు, అత్యవసర ప్రణాళిక, నష్టపరిహార ఏర్పాటు, వీటిలో శత్రువుకు పనికొచ్చేది ఏమీ లేదు. దాచడం వల్ల కలిగే నష్టం మాత్రం కళ్ల ముందే ఉంది. 2019 అక్టోబర్‌లో కూడంకుళం కేంద్రపు కంప్యూటర్లలోకి వైరస్ చొరబడిందన్న వార్త వస్తే, ఆ అణు కేంద్రపు అధికారులు మొదట ఖండించారు. మరుసటి రోజే భారత అణు విద్యుత్ సంస్థ అది నిజమేనని, పాలనాపరమైన నెట్‌వర్కుకు చెందిన కంప్యూటరుకు సోకిందని, కేంద్రాన్ని నడిపే వ్యవస్థకు సంబంధం లేదని ప్రకటించింది. రెండో ప్రకటన ముందే వచ్చి ఉంటే అంత అలజడి ఉండేది కాదు.

ఖర్చు గురించి చర్చ ఇంకా అవసరం. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో ఒక్కొక్కటి 1,208 మెగావాట్ల చొప్పున ఆరు అమెరికన్ రియాక్టర్లు పెట్టాలన్న ప్రతిపాదన ఏళ్లుగా ఉంది; అవి మొదట గుజరాత్‌లోని మిఠీ విర్దీకి అనుకున్నవి. అదే నమూనా రియాక్టర్లు రెండింటిని అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో కట్టడానికి మొదట అనుకున్న ఖర్చు 14 బిలియన్ డాలర్ల చుట్టూ ఉంటే, 2024లో పూర్తయ్యేసరికి అది 30 బిలియన్లు దాటింది. ఆ మధ్యలో తయారీ సంస్థ వెస్టింగ్‌హౌస్ దివాలా రక్షణ కోరవలసి వచ్చింది. చైనాలో అదే నమూనా 2018 నుంచి నడుస్తోంది. కాబట్టి ఖర్చు ఎక్కడైనా అంతే అవుతుందని చెప్పలేము. కానీ యూనిట్ ధర ఎంతో, ఆలస్యమైతే ఆ భారం డిస్కంల మీద, అక్కడి నుంచి వినియోగదారుడి బిల్లు మీద ఎలా పడుతుందో ముందే తెలియాలి. అదే డబ్బుతో సౌర విద్యుత్తు, పిన్నాపురంలో ఉన్నటువంటి, నీటిని ఎత్తుకు తోడి నిల్వ చేసి అవసరమైనప్పుడు కరెంటు తీసే కేంద్రాలు ఎంత ఇస్తాయో పక్కపక్కన పెట్టి చూపాలి. సూర్యుడు దిగాక కరెంటు ఎక్కడిదన్న ప్రశ్నకు అవతలివాళ్లూ సమాధానం చెప్పాలి.

ప్రమాదం జరిగితే నష్టపరిహారం ఎవరిదన్నది అన్నిటికంటే సున్నితమైనది. 2010 చట్టం రియాక్టరు నడిపే సంస్థ బాధ్యతను 1,500 కోట్ల రూపాయలకు పరిమితం చేసి, పరికరాల లోపం వల్ల ప్రమాదం జరిగితే సరఫరాదారు నుంచి ఆ డబ్బు తిరిగి రాబట్టుకునే హక్కు ఇచ్చింది. 1984 నాటి భోపాల్ విషాదం, ఆ తర్వాత 470 మిలియన్ డాలర్లతో ముగిసిన ఒప్పందం మనసులో ఉండబట్టే ఆ నిబంధన వచ్చింది. విదేశీ కంపెనీలు అందుకు ఒప్పుకోక ప్రాజెక్టులు ఆగాయి. కొత్త చట్టంలో పెద్ద కేంద్రాలకు పరిమితి 3,000 కోట్లకు పెరిగింది గానీ, పరికరాల లోపానికి సరఫరాదారుపై ఉన్న ఆ హక్కు పోయింది. ఒప్పందంలో విడిగా రాసుకుంటే తప్ప. పెట్టుబడి రావాలంటే ఈ సడలింపు తప్పదని ఒక పక్షం అంటుంది. ఆ వాదనలో నిజం లేకపోలేదు. అయితే రిస్కు తగ్గించుకున్నది తయారీదారు, పెరిగింది తీరంలో ఉండేవాడికీ ప్రభుత్వ ఖజానాకూ అన్నది జనానికి చెప్పి ఒప్పించవలసిన విషయం.

వ్యతిరేకించేవారి మీదా బాధ్యత ఉంది. రియాక్టరు ఆటంబాంబులా పేలుతుందన్న మాట ఇప్పటికీ సభల్లో వినిపిస్తుంది. విద్యుత్ రియాక్టరు ఇంధనంలో విచ్ఛిన్నమయ్యే యురేనియం సాధారణంగా 5 శాతానికి మించదు. బాంబుకు 90 శాతం దాకా కావాలి. చెర్నోబిల్ కూడా అణు బాంబులా పేలలేదు, అక్కడి ఘోరం వేరే కారణాల వల్ల జరిగింది. ఇటువంటి మాట ఒకటి అబద్ధమని తేలితే, వేడి నీటి గురించీ వాడేసిన ఇంధనం గురించీ వాళ్లే అడిగే న్యాయమైన ప్రశ్నలూ కొట్టుకుపోతాయి. అలాగే కరెంటు ఇక్కడ వద్దు, యురేనియం మాత్రం కడప జిల్లా తుమ్మలపల్లెలో తవ్వుకోండి అనడమూ కుదరదు. అక్కడి వ్యర్థాల చెరువు వల్ల బోరు నీళ్లు, అరటి తోటలు పాడవుతున్నాయని చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఏళ్లుగా మొరపెట్టుకుంటున్నారు. హైదరాబాదులో ఇంధనం తయారవుతోంది, మణుగూరులో భారజలం తయారవుతోంది. అణు విద్యుత్ కేంద్రం లేకపోయినా తెలుగు నేల ఆ గొలుసులో ఎప్పుడో చేరింది. చర్చ ఆ మొత్తం గొలుసు మీద జరగాలి.

కావలి అయినా, రామాయపట్నం అయినా, మరో చోటైనా, అటువంటి చర్చకు ఆధారం కావలసిన కొలతలు ఇప్పటి నుంచే మొదలు కావాలి. నెలనెలా సముద్రపు నీటి ఉష్ణోగ్రత, పడవల రేవుల్లో దిగే చేపల రకాలు, తూకాలు, తీరపు ఊళ్ల బావుల్లో నీటి పరీక్షలు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో క్యాన్సరు, పుట్టుక లోపాల నమోదు, ఇవి కనీసం నాలుగైదేళ్లపాటు ప్రభుత్వంతో సంబంధం లేని విశ్వవిద్యాలయ బృందం చేత చేయించి, తెలుగులో పంచాయతీ కార్యాలయాల్లో అందుబాటులో పెట్టవచ్చు. కేంద్రం రాకపోయినా ఆ కొలతలు మత్స్యశాఖకూ ఆరోగ్యశాఖకూ పనికొస్తాయి. వస్తే, పదేళ్ల తర్వాత చేప తగ్గిందా లేదా, తగ్గితే ఎందుకు తగ్గిందో తేల్చడానికి కంపెనీ అంకె ఒకటి, ఊరి అంకె ఒకటి కాకుండా, ఇద్దరూ ఒప్పుకున్న లెక్క ఒకటి చేతిలో ఉంటుంది.